నూట నలభై మీసాలు

మా పౌరసేవా కార్యాలయంలోకి ఒక మనిషి తన మొహంతో తాను రావాలంటే ఏమేం కావాలో తెలియజేస్తూ ఇప్పటిదాకా పన్నెండు సర్క్యులర్లు వచ్చాయి. అన్నిటినీ మా ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించింది, జనానికి విడమరిచి చెప్పింది సీనియర్ అసిస్టెంటునైన నేనే. కనక వాటిలో తప్పులుంటే నావి, తెలివితేటలుంటే డైరెక్టరు సుదర్శనరావుగారివి.

ఈ సర్క్యులర్లకి మూలమైన ఆలోచన తనకెలా వచ్చిందో డైరెక్టరుగారే ఒక సమావేశంలో చెప్పారు. ఒక ఆదివారం వాళ్ల మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చుని ఏదో ఆట మొదలుపెట్టాడట. మనమే ఒక పాత్రని తయారు చేసుకుని, ఆ పాత్రలో దూరి, కత్తి పట్టుకుని లోకమంతా తిరిగే ఆట. పొద్దున తొమ్మిదింటికి కూర్చున్న కుర్రాడు మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకా గడ్డం దగ్గరే ఉన్నాడట. దవడ ఎంత వెడల్పుండాలి, కనుబొమల మధ్య ఎంత ఎడం ఉండాలి, ముక్కు కొస ఎటు తిరగాలి. పళ్లెంలో అన్నం చల్లారిపోయినా లేవలేదు. తీరా మొహం పూర్తయ్యాక దాని మీద ఇనపటోపీ తొడిగేశాడట. అక్కణ్ణించి ఆట ఆసాంతం పాత్ర వీపు కనిపించింది గాని, మొహం మళ్లీ కనిపించలేదు.

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. డైరెక్టరుగారు ఊరుకోలేదు. "నాలుగు గంటలపాటు ఒక పౌరుడు ఒక్క ఫిర్యాదైనా చేయక కూర్చొనియుండుట నా ముప్పై ఏళ్ల సర్వీసులో ప్రథమంగా వీక్షించితిని" అన్నారు. మా ఆఫీసుల్లోనూ జనం నాలుగేసి గంటలు కూర్చుంటారు. కాకపోతే తిట్టుకుంటూ కూర్చుంటారు. వాళ్ల గడ్డం వాళ్ల చేతికిచ్చేస్తే దిద్దుకుంటూ కూర్చుంటారు కదా అన్నది ఆయన సిద్ధాంతం.

అలా 'మన స్వరూపం' పథకం పుట్టింది. ఏ ధ్రువపత్రం కావాలన్నా దరఖాస్తుదారుడు ముందు మా కంప్యూటరులో తన స్వరూపాన్ని తయారు చేసుకోవాలి. ఆ స్వరూపం తెరమీది ఆఫీసులోకి నడిచి వెళ్లి, తెరమీది వరసలో నిలబడి, తెరమీది కౌంటరులో దరఖాస్తు ఇస్తుంది. స్వరూపాల తయారీకి రాజధానిలో కమిటీలు వేశారు. జుట్టు కమిటీ తొంభై రకాల జుట్టు ఇచ్చింది. మీసాల కమిటీ పద్నాలుగు నెలలు శ్రమించి నూట నలభై మీసాలు ఇచ్చింది. ముక్కుల దగ్గరికి వచ్చేసరికి గడువు ముగిసిపోవడంతో ఆరు ముక్కులతో సరిపెట్టారు. మగవాళ్లకి మీసం లేకపోవడం అన్నది మాత్రం ఎక్కడా లేదు. కమిటీని నియమించింది మీసాలకి. లేకపోవడం వాళ్ల పరిధిలోకి రాదు.

మొదటి నెలలో పథకం దిగ్విజయమైంది. ఇంటిపేరులో తప్పు దిద్దించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి మూడు రోజులు వరసగా వచ్చి చెవులు దిద్దుకుని, నాలుగో రోజు ఇంటిపేరు సంగతి మరిచిపోయి తృప్తిగా వెళ్లిపోయాడు. దాన్ని మేం పరిష్కరించిన దరఖాస్తుల్లో కలిపాం. నేనూ తక్కువ తినలేదు. నా స్వరూపానికి వారం రోజులు పట్టింది. నుదుటిమీదికి జారే నల్లటి జుట్టు పెట్టాను. మా ఆవిడ ఫోనులో దాన్ని చాలాసేపు చూసి, పెళ్లిచూపులనాడు మీకు ఇలాగే ఉండేదండీ అంది. ఆ సాయంత్రం నాకు అడక్కుండానే రెండోసారి కాఫీ వచ్చింది. మొహం దిద్దుకోవడంలో ఏముందని ఇకమీదట ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చిక్కు రెండో నెలలో వచ్చింది. మా ఊరు మద్దులపర్రులో నలభై వేలమంది ఉంటే, అందులో ముప్పై వేలమంది పాతికేళ్ల అందగాళ్లూ అందగత్తెలూ అయిపోయారు. ఎవరి దరఖాస్తు ఎవరిదో తెలియలేదు. దీన్ని రాజధానిలో 'స్వరూప వైరుధ్యం' అన్నారు. నాలుగో సర్క్యులరు వచ్చింది: స్వరూపానికీ మనిషికీ తొంభై శాతం పోలిక ఉండవలెను. ఆఫీసు వాకిట్లో ఒక కెమెరా బిగించారు. దాని ముందు నిలబడితే ఒక ఆడగొంతు శాతం చెబుతుంది. తొంభై దాటితే తలుపు తెరుచుకుంటుంది. తలుపు పక్కన మా ఆఫీసరు మణిమంజరిగారు ఒక రేకు బోర్డు రాయించి పెట్టారు: 'ఇచ్చట వేషములు వేయరాదు. వేషములు వేయువారు శిక్షార్హులు.'

ఆ బోర్డు పెట్టిన మర్నాడే పర్వతాల కోటిలింగం వచ్చాడు. అరవై రెండేళ్ల మనిషి, సన్నగా, నున్నగా గీసిన మొహం, భుజాన గుడ్డసంచీ. పగటివేషగాడు. తాతల నాటినుంచీ అదే వృత్తి. ఏదైనా ఊళ్లో దిగితే రోజుకో వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు. ఒకరోజు షరాబు, ఒకరోజు సోది చెప్పే ఆమె, ఒకరోజు పన్ను వసూలుకి వచ్చిన అధికారి. జనం నిజమనుకుని కంగారు పడితే వేషం పండినట్టు. ఆఖరి రోజు సొంత మొహంతో ఇంటింటికీ వెళ్లి, ఇన్నాళ్లూ వచ్చింది నేనేనండీ అని చెప్పి సంభావన అడుగుతారు. మోసానికీ మాకూ తేడా ఆ ఆఖరి రోజేనండీ అన్నాడు కోటిలింగం.

ఆయనకి కావలసింది నివాస ధ్రువపత్రం. తొమ్మిదేళ్లుగా మా ఊరి చివర రేకుల గదిలో ఉంటున్నాడు. తల్లి కూలిపనులకి పోతే తన దగ్గరే పెరిగే మనవరాలు అఖిలాండేశ్వరికి గురుకుల పాఠశాలలో ఆరో తరగతి సీటొచ్చింది. తాత ఫలానా ఊరివాడని జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదు లోపల కాగితం ఇస్తే సీటు ఉంటుంది, లేకపోతే జాబితాలో తరవాతి పిల్లకి పోతుంది. అప్పుడు ఆ పిల్ల సంచీ మోస్తూ తాత వెంట ఊళ్లు తిరగాలి. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహంలో ఏ వేషమూ లేదు.

కోటిలింగం తన స్వరూపాన్ని పావుగంటలో తయారు చేశాడు. ముడతలు ఉన్నవి ఉన్నట్టు పెట్టాడు, కంటికింద సంచులు పెట్టాడు. అంత నిజాయితీగా మొహం చేసుకున్నవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. మీసం దగ్గర ఆగిపోయాడు. ఆడవేషాలు కడతాడు గనక ఆయనకి మీసం లేదు. మా దగ్గర మీసం లేని మగవాడు లేడు. ఉన్నవాటిలో చిన్నది, పదిహేడో నంబరుది పెట్టుకుని కెమెరా ముందు నిలబడితే డెబ్భై ఒకటి అంది. కోటిలింగం చిన్నగా దగ్గి, సంచీలోంచి అచ్చం అలాంటి మీసమే తీసి అంటించుకుని మళ్లీ నిలబడ్డాడు. తొంభై ఆరు. తలుపు తెరుచుకుంది. లోపల మణిమంజరిగారు తలెత్తి చూసేసరికి మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఆవిడ బోర్డు వైపు పెన్ను చూపించారు.

ఆ మాటకొస్తే ఆ వారం ఇంకెవరూ లోపలికి రాలేకపోయారు. ఆరు ముక్కుల్లో ఒకటి పుట్టుకతో ఉన్నవాడే లేడు. నాకు యాభై నాలుగు వస్తే, నేను గోడ దూకి డ్యూటీకి వచ్చాను. ముక్కులు పెంచమని మణిమంజరిగారు పైకి రాశారు. దానికి జవాబు ఏడో సర్క్యులరు: 'సాఫ్టువేరును సవరించుటకు నూతనముగా టెండరు పిలువవలసియుండును. కాలయాపనను నివారించుటకై పౌరులే తమను తాము సవరించుకొనవలెను.'

ఇది చదివాక మణిమంజరిగారు కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తరవాత నన్ను పిలిచి, మూర్తిగారూ, మొన్న మీసం ఊడినాయన ఎక్కడుంటాడో కనుక్కోండి అన్నారు.

అలా మూడో కౌంటరు వెలిసింది. పైన 'పౌర సవరణ విభాగం' అని బోర్డు, కింద కుర్చీ, అద్దం, కోటిలింగం, ఆయన సంచీ. తెరమీద ఎవరి స్వరూపం ఎలా ఉంటే మనిషిని అలా దిద్ది కెమెరా ముందుకి పంపడం ఆయన పని. మైనంతో ముక్కులు పెట్టాడు. మసితో జుట్టు పెంచాడు. డెబ్భై ఏళ్ల రత్తమ్మగారిని పాతికేళ్లకి దించి తొంభై రెండు తెప్పించాడు. మొదట మెట్లమీద నవ్వుకున్న జనం తరవాత వరస కట్టారు. వేషాలు వేయరాదన్న బోర్డు కిందనుంచి రోజుకి ఏడెనిమిదిమంది వేషాలతో లోపలికి వచ్చారు. మా ఆఫీసు జిల్లాలో ప్రథమ స్థానానికి ఎక్కింది.

మస్తాన్‌వలి అనే ఆటో డ్రైవరు ఒకరోజు వచ్చాడు. చిన్నప్పుడు పొయ్యిమీద పడి ఎడమ చెంప కాలిపోయింది. తెరమీద మాత్రం ఆ మచ్చ లేకుండా స్వరూపం చేసుకున్నాడు. ఆ మచ్చ కప్పడానికి కోటిలింగానికి గంట పట్టింది. పూర్తయ్యాక మస్తాన్‌వలి అద్దం ముందునుంచి లేవలేదు. వెనక వరసలో ఎవరూ తొందరపెట్టలేదు. కెమెరా తొంభై ఎనిమిది అంది. అతను లోపలికి రాకుండా వెనక్కి తిరిగి ఆటో ఎక్కాడు. ఇంట్లోవాళ్లకి ఒకసారి చూపించి వస్తానన్నాడు. నాకు డైరెక్టరుగారి మేనల్లుడు నాలుగు గంటలు ఎందుకు కూర్చున్నాడో ఆ రోజు అర్థమైంది.

కోటిలింగం బ్రష్షు తుడుచుకుంటూ నాతో అన్నాడు. "మేం ఏసం కడితే సూసేవాళ్ల కోసం కడతామండి. ఈళ్లు ఎవురి ఏసం ఆళ్లే సూసుకుంటన్నారు. మా కాలంలో ఈ ఇద్దె లేదు."

ఇన్ని మొహాలు దిద్దినవాడి దరఖాస్తు మాత్రం కదల్లేదు. తానే మీసం అంటించుకుని వెళ్లబోతే మణిమంజరిగారు ఎనిమిదో సర్క్యులరు చూపించారు. 'సవరణ విభాగమునందు పనిచేయువారు తమ మొహమును తామే సవరించుకొనుట స్వప్రయోజనమగును.' ఇంకెవరైనా సవరించాలి. ఆ ఇంకెవరు నేనే అయ్యాను. నాకు చేతగాక మీసం మొదటిసారి పెదవి మీద కాకుండా ముక్కు మీద పడింది. ఆరోసారికి సరిగ్గా తొంభై వచ్చింది. దరఖాస్తు లోపలికి వెళ్లింది.

వెళ్లి అక్కడే ఆగింది. తుది ఆమోదం డైరెక్టరుగారి స్వరూపానిదే. ఆయన ఏదో ఒక ఆఫీసు కెమెరాలోకి చూస్తే కంప్యూటరు పోల్చి ముద్ర వేస్తుంది. రెండు నెలలుగా ఆయన ముద్ర ఒక్కటీ పడలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. మా ఒక్క ఆఫీసులోనే మూడువందల పదకొండు కాగితాలు పేరుకున్నాయి. కోటిలింగం రోజూ సాయంత్రం అద్దం మూసి, నా బల్ల దగ్గరికి వచ్చి, వచ్చిందాండీ అని అడిగేవాడు. రాలేదనేవాణ్ణి. అఖిల మెట్లమీద కూర్చుని పాత సర్క్యులర్లు చదువుకునేది. పదకొండూ ఆ పిల్లకి కంఠతా వచ్చాయి.

ఇంతలో ప్రథమ స్థానానికి మాకు ప్రశంసాపత్రం ఇవ్వడానికి డైరెక్టరుగారే స్వయంగా జూన్ ఇరవై తొమ్మిదిన వస్తున్నారని కబురొచ్చింది. మాలో ఆయన్ని చూసినవాళ్లు లేరు. సమావేశాల్లో ఆయన స్వరూపమే మాట్లాడేది. గోడమీద పటంలోనూ అదే ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో, ఒత్తు జుట్టు, కోల మొహం, నూట ఎనిమిదో నంబరు మీసం.

చెప్పిన రోజు పదిగంటలకి ఆయన వచ్చారు. పటంలో ఉన్నట్టే ఉన్నారు. కెమెరా తొంభై ఏడు అని స్వాగతం చెప్పింది. మా గార్డు సింహాద్రి కాళ్లు టపీమని దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. డైరెక్టరుగారు పూలదండ వద్దని, టీ వద్దని, నేరుగా వెళ్లి కెమెరా ఎదురుగా కూర్చున్నారు. "పెండింగు అనునది పౌరునికిని మనకును మధ్యనుండు గోడ. దానిని ఈ క్షణముననే తొలగించెదము" అన్నారు.

ఒక్కొక్క కాగితం నేను అందించాను. ఆయన చదివి, కెమెరాలోకి చూసి, ముద్ర పడ్డాక ఇంకొకటి అడిగారు. ఇది ఏ వీధి, ఈవిడకి పిల్లలెందరు అని అడుగుతున్నారు. అనుమానం నాకు అప్పుడే రావలసింది. ఏ డైరెక్టరూ కాగితం చదవడం నేను చూడలేదు. రెండువందల నాలుగో కాగితం దగ్గర ఆగారు.

"ఈ పత్రం ఎందుకు?" అన్నారు.

మనవరాలి సీటు కోసమని, గడువు రేపటితో సరి అని చెప్పాను.

"పిల్ల బాగా చదువునా?"

నాకు తెలియదు సార్ అన్నాను.

"చదువును" అన్నారు డైరెక్టరుగారు, కెమెరాలోకి చూస్తూ.

ఒంటిగంటకి మూడువందల పదకొండూ అయిపోయాయి. ఆయన లేచి, మరుగుదొడ్లు తనిఖీ చేయవలెనని పెరటి వైపు వెళ్లారు. అఖిల తన కాగితం తీసుకుని, వాళ్లమ్మతో కలిసి గురుకులం బస్సెక్కింది. ఎక్కేముందు పెరటి గోడవైపు చూసి ఎందుకో నవ్వింది.

పదినిమిషాల తరవాత వాకిట్లో కారు ఆగింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి దిగాడు. బట్టతల, గుండ్రటి మొహం, బొజ్జ. కెమెరా ముప్పై ఎనిమిది అంది. సింహాద్రి కర్ర అడ్డం పెట్టాడు. వచ్చినాయన తాను డైరెక్టరునని చెప్పాడు.

"డైరెక్టరుగారు పొద్దున్నే వొచ్చారండి, లోపలే ఉన్నారు" అన్నాడు సింహాద్రి. "తవరు మూడో కౌంటరుకి పోయి సవరించుకుని రాండి."

గొడవ విని మణిమంజరిగారు బయటికి వచ్చారు. ఆయన్ని ఎగాదిగా చూసి, ఇచ్చట వేషములు వేయరాదు అని బోర్డు చూపించారు. ఆయన గ్రాంథికంలో తన అధికారాలు ఏకరువు పెట్టాడు. ఆవిడ ఆయన సర్క్యులర్లే తేదీలతో సహా అప్పజెప్పారు. ప్రతిదానికీ ఆయన తల వంగిపోయింది. అన్నీ చక్కటి గ్రాంథికంలో ఆయన రాసినవే. అంత గ్రాంథికంలో బాధపడేవాడు ఇంకొకడుండడని, అసలు డైరెక్టరు ఈయనేనని నాకు అప్పుడు తట్టింది. రెండు నెలలుగా ముద్ర ఎందుకు పడలేదో కూడా తట్టింది. ఏ ఆఫీసు కెమెరా ఆయన్ని ఆయనగా ఒప్పుకోలేదు.

ఎండలో బెంచీమీద అరగంట కూర్చుని, చివరికి డైరెక్టరు సుదర్శనరావుగారు మూడో కౌంటరులో కుర్చీ ఎక్కారు. కోటిలింగం అప్పుడే మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు. చెవి వెనక ఇంకా తడి ఉంది. గోడమీది పటం చూపించి, ఆ మొహం వెయ్యగలవా అని అడిగారు డైరెక్టరుగారు.

"పొద్దున ఏసిందేగదండి" అన్నాడు కోటిలింగం.

 ఆయన చేతులు కట్టుకుని మిగతాది కూడా చెప్పాడు. పట్టపగలే వచ్చాడట, దాచిపెట్టే ఉద్దేశం లేదట, ఆచారం ప్రకారం ఇప్పుడు సొంత మొహంతో సంభావనకి నిలబడ్డాడట. జైలుకి పంపితే వెళతాను గాని పిల్ల కాగితం మాత్రం వెనక్కి తీసుకోవద్దన్నాడు. 

మణిమంజరిగారు పోలీసులకి రాయడానికి కాగితం తీశారు. డైరెక్టరుగారు చెయ్యెత్తి ఆపారు. ఆయన ఆలోచిస్తున్నది నాకు కనబడుతూనే ఉంది. ఆ ముద్రలు చెల్లవని రాయాలంటే, కెమెరా వేషగాడికి తొంభై ఏడు, డైరెక్టరుకి ముప్పై ఎనిమిది ఇచ్చిందని రాయాలి. పథకమే వేషమని రాయాలి.

"మూర్తీ, వ్రాసికొనుము" అన్నారు. "ఉదయము పదిగంటలకు విచ్చేసి ముద్రలు వేసినది నేనే."

రాసుకున్నాను. ఆ తరవాత ఆయన బుద్ధిగా మొహం ఎత్తి కూర్చుంటే కోటిలింగం గంటసేపు దిద్దాడు. కెమెరా తొంభై రెండు అంది. డైరెక్టరుగారు వెనక్కి తిరిగి, నీకేమో తొంభై ఏడు ఇచ్చెనే అన్నారు చిన్నబుచ్చుకుని.

"తవరింకా కాస్త డైరెక్టరుగారి మాదిరి ఉండాలండి" అన్నాడు కోటిలింగం.

సంభావనగా ఏం కావాలని అడిగితే, తలుపు పక్కనున్న రేకు బోర్డు కావాలన్నాడు. ఎందుకని అడిగారు.

"ఇంటి తలుపుకి కొట్టుకుంటానండి. మా అఖిల సెలవలకొస్తే నేను నా మొగంతోనే ఉండాలంటది. ఏసం గుమ్మం బయటే తియ్యాలంట."

బోర్డుని ఇచ్చేస్తూ పన్నెండో సర్క్యులరు ఆ మధ్యాహ్నమే వచ్చింది. డైరెక్టరుగారు దాన్ని మూడో కౌంటరు కుర్చీలోనే కూర్చుని, మైనం ముక్కుతో చెబుతుంటే నేనే టైపు చేశాను. అందులో రెండో అంశంగా, కోటిలింగం సేవలకి గుర్తింపుగా ఒక సంస్కరణ కూడా ఉంది. మీసం లేకపోవడాన్ని ఇకమీదట నూట నలభై ఒకటో మీసంగా పరిగణించవలెను.